జెమీమా యేసుకు థ్యాంక్స్ చెప్తే అది మతప్రచారం ఎలా అయింది?

2025 అక్టోబర్ 30న నవీ ముంబైలో ఆస్ట్రేలియా మీద 339 పరుగుల టార్గెట్ కొట్టేసి మన అమ్మాయిలు మహిళల క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్‌కి వెళ్లారు, సెంచరీ కొట్టి గెలిపించింది జెమీమా రోడ్రిగ్స్. ఆ రాత్రి మొదలైన వాదన ఇంకా మెసేజ్‌లుగా ఫోన్లలో తిరుగుతూనే ఉంది. టూకీగా అందులో ఉండేది ఇదీ: జెమీమా దేశం ఇచ్చిన మైకు పట్టుకుని మతప్రచారం చేసింది, వేరే ఆటగాళ్లెవరూ అలా దేవుణ్ని మధ్యలోకి లాగరు, టీమ్ కష్టాన్ని యేసు ఖాతాలో వేసేసింది, అసలు రూల్స్ కూడా ఒప్పుకోవు, పైగా ముంబైలో వాళ్ల నాన్న మీద జింఖానా క్లబ్ గొడవ ఉండనే ఉంది కదా!

ముందు ఆమె ఏమందో చూద్దాం. మ్యాచ్ అయ్యాక ఏడుస్తూ, యేసుకు థ్యాంక్స్, ఇది నా ఒక్కదాని వల్ల అయ్యేది కాదు అంది. ఆ వెంటనే అమ్మ, నాన్న, కోచ్, తనను నమ్మిన వాళ్లందరికీ చెప్పింది. చివర్లో ఒంట్లో ఓపిక అయిపోయినప్పుడు, నువ్వు నిలబడు, దేవుడే నీ తరఫున పోరాడతాడు అనే బైబిల్ మాట తలుచుకుంటూ ఆడానని చెప్పింది. నిర్గమకాండంలోని మాట అది, మన ఊళ్లలో చర్చికి వెళ్లే ఏ అమ్మమ్మని అడిగినా అప్పజెప్పేస్తుంది. అంతే. మీరూ నమ్మండి అనలేదు, మా చర్చికి రండి అనలేదు, ఇంకో దేవుడి ఊసే ఎత్తలేదు. తన మనసులో ఏం నడిచిందో చెప్పడం ప్రచారమైతే, సినిమా ఫంక్షన్లో అంతా ఆ ఏడుకొండలవాడి దయ అనే హీరోలందరి మీదా కేసులు పెట్టాలి.

వేరే వాళ్లెవరూ చేయరనే మాట దగ్గర నాకు నిజంగా నవ్వొచ్చింది. అదే టోర్నీ మధ్యలో, ఇండోర్‌లో ఇంగ్లండ్ మ్యాచ్‌కి ముందు, టీమ్ ఉజ్జయిని మహాకాళేశ్వరుడి దర్శనానికి వెళ్లింది. టీమ్‌లోని దీప్తి శర్మ చేతి మీద హనుమంతుడి టాటూ ఉంది. కప్పు గెలిచాక ప్రధానిని కలిసినప్పుడు ఆయనే దాని గురించి అడిగారు, కష్టమొస్తే ఆ పేరే తలుచుకుంటానని దీప్తి చెప్పింది, అందరూ ముచ్చటపడ్డారు, నాకూ ముచ్చటేసింది. మన సింధు టోక్యోలో కాంస్యం గెలిచి 2021 ఆగస్టులో తిరుమల వెళ్తే టీవీ వాళ్లు గుడి బయటే మైకులు పెట్టారు. ఇవేవీ తప్పు కావు. తప్పు కానప్పుడు నాలుగోది మాత్రం ఎందుకు తప్పయిందో మెసేజ్ పంపేవాళ్లు చెప్పాలి.

ఇక టీమ్ కష్టం సంగతి. ఆ రోజు ఆమె 134 బంతుల్లో 127 నాటౌట్, ఒక్క సిక్సర్ లేదు, అన్నీ పరుగెత్తి తీసినవీ 14 ఫోర్లూ. కెప్టెన్ హర్మన్‌ప్రీత్ 89, ఇద్దరి మధ్య 167 భాగస్వామ్యం. దీప్తి పక్కన నిలబడి బంతి బంతికీ మాట్లాడుతూనే ఉందని జెమీమానే చెప్పింది. అంతకంటే ముఖ్యమైనది, మెసేజ్‌లో ఎవరూ రాయనిది, ప్రెస్ మీట్‌లో ఆమె చెప్పిన సంగతి. ఈ టోర్నీలో రెండుసార్లు సున్నాకి ఔటై, ఇంగ్లండ్ మ్యాచ్‌కి టీమ్‌లో చోటు పోయి, టెన్షన్‌తో అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదట. దాదాపు రోజూ మన హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ముందే ఏడ్చేదట, చివరికి నువ్వు నా ఎదురుగా రాకు, మళ్లీ ఏడుపొస్తుంది అని అరుంధతితోనే జోకులేసే దాకా వెళ్లింది. స్మృతి, రాధ పేర్లూ చెప్పింది. ఇంతమందికి పేరుపేరునా కృతజ్ఞత చెప్పిన మనిషి మీదనా, క్రెడిట్ ఎత్తుకుపోయిందని నింద?

డకౌట్లప్పుడు యేసు ఎక్కడున్నాడని వెటకారం చేసేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియాని దేవుడు ఓడించాడని ఆమె అనలేదు, తనను నిలబెట్టాడంది. ఆమె స్కోరు 82 దగ్గర హీలీ, 106 దగ్గర మెక్‌గ్రాత్ అనే ఆస్ట్రేలియా ఫీల్డర్లు ఆమె క్యాచ్‌లు ఎందుకు వదిలేశారంటారా, అది వాళ్లనే అడగాలి.

రూల్స్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. ఆటగాళ్ల బట్టలు, బూట్లు, బ్యాట్ల మీద మత, రాజకీయ సందేశాలకు అంతర్జాతీయ క్రికెట్‌ని నడిపే ఐసీసీ ఒప్పుకోదు. 2023 డిసెంబర్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు ఉస్మాన్ ఖవాజా బూట్ల మీద అందరి ప్రాణాలూ సమానమే అని రాసుకుంటే వద్దంది, నల్ల బ్యాండ్ కట్టుకుంటే మందలించింది, బ్యాట్ మీద పావురం బొమ్మకీ నో అంది. అదే టీమ్‌లో లబుషేన్ బ్యాట్ మీద బైబిల్ వాక్యాన్ని గుర్తుచేసే గద్ద బొమ్మ ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి క్రైస్తవ గుర్తులకు ఒక చోట మినహాయింపు దొరికిందని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకుంటా, అది ఐసీసీ పక్షపాతం. కానీ ఆ రూలు సామాన్ల మీద రాతలకి, బొమ్మలకి. ఆట అయిపోయాక మైకు ముందు చెప్పిన కృతజ్ఞతకి దానితో ఏ సంబంధమూ లేదు.

చివరిగా జింఖానా. 2024 అక్టోబర్‌లో ముంబైలోని ఖార్ జింఖానా అనే క్లబ్ ఆమె గౌరవ సభ్యత్వం రద్దు చేసింది, వాళ్ల నాన్న అక్కడి హాల్లో మతపరమైన సభలు పెట్టారన్నది ఆరోపణ. అవి ప్రార్థన కూటాలు మాత్రమేనని, క్లబ్ పద్ధతి ప్రకారమే హాలు తీసుకున్నామని, వద్దన్నాక ఆపేశామని ఆయన జవాబిచ్చారు. క్లబ్ హాలు దేనికి వాడాలన్నది ఆ క్లబ్ సభ్యులు తేల్చుకోవాల్సిన పంచాయితీ, అందులో ఎవరిది తప్పని మీరనుకున్నా సరే. నాన్న మీద ఉన్న ఆరోపణని ఏడాది తర్వాత కూతురి సెంచరీకి తగిలించడం మాత్రం కుదరదు.