సవరణ: పచ్చ పీత తిండి గురించి

"పచ్చ పీత పెద్ద గుల్లల్ని వెతికి మరీ తింటుంది" అని మొన్నటి పోస్టులో ఉంది. దాన్ని "చిన్న, మధ్య సైజు గుల్లల్నే ఎక్కువగా తింటుంది" అని మార్చి చదవగలరు.

యూరప్ తీరాల నుంచి ఓడల వెంట అమెరికాకు చేరిన పీత (గ్రీన్ క్రాబ్) ఇది. అక్కడ 1817లోనే కనిపించింది. మస్సెల్స్ (రాళ్లకు అతుక్కుని ఉండే రెండు చిప్పల గుల్లలు) విషయంలో, తాను పగలగొట్టగలిగిన వాటిలో కూడా అతి పెద్దవాటిని వదిలేస్తుంది. పెద్ద చిప్ప పగలాలంటే టైము పడుతుంది, పైగా డెక్క దెబ్బతినే ప్రమాదం ఉంది. లెక్క తెలిసిన పీతే! పలుచని చిప్ప ఉన్న గుల్లలు దొరికితే మాత్రం ఇసుక తవ్వి మరీ లాగుతుంది. అమెరికాలోని మెయిన్ (Maine) రాష్ట్రంలో గుల్లలు ఏరుకుని బతికేవాళ్లకు దానితో గొడవ అందుకే. ఆల్చిప్పల్లో కూడా దానికి దొరికిపోయేవి ఎక్కువగా పిల్లలే.

భావనపాడు, కళింగపట్నం వైపు వాళ్లు "మా మండపీత కూడా పచ్చగానే ఉంటుంది కదా, అదేనా?" అని అడిగారు. కాదు, టెన్షన్ పడకండి. మండపీత మన తీరానిదే, సైజులో చాలా పెద్దది. అనుమానముంటే కళ్లకు పక్కన, డిప్ప అంచున ఉన్న ముళ్లు లెక్కపెట్టండి. పచ్చ పీతకు ఒక్కో వైపు 5, మండపీతకు 9. రంగును నమ్మొద్దు, పచ్చ పీతల్లో ఎర్రగా ఉండేవీ ఉన్నాయి.