నీళ్లు ఎందుకు పైకెక్కాయో అడగరాదు

తరగతి గదిలో రసాయన ప్రయోగాలు చేసి చూపించి పిల్లలకు శాస్త్రీయ దృక్పథం అలవరచాలని, ఫిబ్రవరి 28న జాతీయ సైన్స్ దినోత్సవం వచ్చినప్పుడల్లా మన విజయనగరం జిల్లా బడుల్లో వక్తలు ఉద్బోధిస్తుంటారు. అయితే ఆ దృక్పథం నిజంగానే అలవడితే ఎదురయ్యే ఇబ్బందుల గురించి ఎవరూ ఆలోచిస్తున్నట్లు లేదు. అది పౌరుల ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చిన మాట వాస్తవమే గాని, ఓటుహక్కు కోసం పద్దెనిమిదేళ్లు ఆగుతున్న పిల్లలు దీనికి మాత్రం ఆగలేరా?

ప్రదర్శన అంటే మెగ్నీషియం తీగ మండినట్లుండాలి. కళ్లు జిగేలుమంటాయి, చప్పట్లు మోగుతాయి, నోళ్లు తెరుచుకుంటాయి గాని వాటిలోంచి ప్రశ్న రాదు. అమ్మోనియం డైక్రోమేట్ అగ్నిపర్వతం ఇంకా శ్రేష్ఠం. నారింజరంగు పొడి నిప్పులు కక్కి ఆకుపచ్చ బూడిదవుతుంటే, ఆ పొడి క్యాన్సర్ కారకమన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

చిక్కంతా కొవ్వొత్తితోనే. పళ్లెంలో నీళ్లు పోసి, వెలిగించిన కొవ్వొత్తి నిలబెట్టి, గాజుగ్లాసు బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. గాలిలో అయిదోవంతు ఆక్సిజన్ ఉంది, అది ఖర్చయింది, ఆ చోటులోకి నీళ్లు వచ్చాయి అని తరతరాలుగా రాసి మార్కులు తెచ్చుకుంటున్నాం. ఇంత చక్కని జవాబు ఉండగా, వెనక బెంచీ గుంటడొకడు లేచి, "మేస్టారూ, రెండు కొవ్వొత్తులెడితే నీళ్లు ఇంకా పైకెల్తాయేటండీ? లోపలున్న గాలి అంతే కదేటి?" అన్నాడనుకోండి. పెట్టి చూస్తే నిజంగానే ఇంకా పైకి వెళతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు వేడెక్కి వ్యాకోచించిన గాలి అంచుల కింద నుంచి బుడగలుగా తప్పించుకోవడం, మంట ఆరి లోపలి గాలి చల్లబడ్డాకే నీళ్లు గబగబా ఎక్కడం, ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉండగానే కొవ్వొత్తి ఆరిపోవడం, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నతో బయటపడతాయి. పీరియడు నలభై అయిదు నిమిషాలు, సిలబస్ కొండంత. కాబట్టి ఒక తరగతికి ఒకే కొవ్వొత్తి మంజూరు చేయాలని నా మొదటి సూచన.

రెండో సూచన గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలకు ప్రత్యేకం. అక్కడి నేలలో మాంగనీసు ఖనిజం ఉంది. "మాంగనీస్ డయాక్సైడ్ ఉత్ప్రేరకము, అనగా తాను ఖర్చుకాకుండా రసాయన చర్యను వేగిరపరచునది" అని అక్కడి పిల్లలు వల్లించడంలో అభ్యంతరం లేదు గాని, గని దగ్గర దొరికిన నల్లరాయిని నలిపి దానిమీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే ఏమవుతుందో ముందు ఊహించి రాయండి, తరువాత చూద్దాం అని ఉపాధ్యాయులు అనరాదు. రసాయన శాస్త్రం బొబ్బిలి రోడ్డు పక్కన కూడా ఉంటుందని ఒకసారి తెలిస్తే, పిల్లలు గైడు కొనడం తగ్గిస్తారు. ఊహ తప్పినవాడు ఎందుకు తప్పిందని ఇంకో రాయి తెస్తాడు.

ఆపైన పరికరాలు పగలకుండా ప్రయోగశాల బీరువాకు తాళం వేసి, పరిశీలనలను నిరుటి సీనియర్ల రికార్డులోంచి దింపుకోనిస్తే చాలు. ఆ విధంగా ప్రతి ప్రయోగమూ ప్రతి ఏడూ ఒకే ఫలితం ఇస్తుంది. పునరావృతం కావడమే శాస్త్రానికి గీటురాయి అని పెద్దలు ఊరికే అన్నారా? తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్నది పరీక్షకు రాదు.