తెలుగు వ్యాసానికి ఇంగ్లిష్ కొలబద్దతో మార్కులా?

హనుమకొండలోని అధ్యాపక మిత్రులు ఒకరి తరువాత ఒకరు నాకు పంపుతూనే ఉన్న వాట్సాప్ సందేశం సారాంశం ఇది: శైలినీ పఠనీయతనూ పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏ భాషకైనా స్కోరు ఇస్తుందట, 60 దాటితే మంచి రచన కనుక తెలుగు వ్యాసాలకు దాని ప్రకారమే మార్కులు వేయవచ్చట, కాకపోతే అవి ఉచితం కాబట్టి నాసిరకమట, ఇంటర్నెట్ లేనిదే పనిచేయవట, పొడవైన వాక్యాలను మాత్రం బాగా పట్టుకుంటాయట.

నాసిరకమైతే వాటితో మార్కులెందుకు వేయమంటున్నారు? ఇంటర్నెట్ మాటా నిజం కాదు. గ్నూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వారి, శైలిని పరీక్షించే స్టైల్, డిక్షన్ ప్రోగ్రాములు మన కంప్యూటరులోనే నడుస్తాయి. వ్యాకరణ దోషాలను చూపే లాంగ్వేజ్‌టూల్‌ను కూడా అలాగే నడుపుకోవచ్చు. దాని వెబ్‌సైటులో అతికించిన రాత మాత్రం వారి సర్వరుకు వెళ్తుంది, అంతే.

అసలు ప్రమాదం మార్కుల సలహాలో ఉంది. ఆ 60 అన్నది పఠనీయతపై పరిశోధించిన రుడాల్ఫ్ ఫ్లెష్ 1948లో ఇంగ్లిష్ కోసం ప్రకటించిన సూత్రంలోనిది: 206.835 నుంచి, వాక్యానికి సగటు పదాల సంఖ్యను 1.015తోనూ, పదానికి సగటు అక్షరాల (రాతలోని లిపి గుర్తులు కాదు, పలికే సిలబుల్స్) సంఖ్యను 84.6తోనూ గుణించి తీసివేయాలి. "మా అమ్మ బతుకమ్మ పేర్చింది" అనే వాక్యాన్ని తీసుకోండి. నాలుగు పదాలు, పలికితే పది అక్షరాలు. పదానికి సగటున రెండున్నర. లెక్క కడితే వచ్చేది సున్నా కంటే దాదాపు 9 తక్కువ! 30 లోపు వస్తేనే మిక్కిలి కఠినమని చెప్పే ఆ పట్టికలో, ఒకటో తరగతి పిల్ల చదవగల వాక్యానికి చోటే లేదు. విభక్తులూ ప్రత్యయాలూ పదానికే అంటుకుపోయే మన భాషలో "ఇంట్లోనుంచే" అన్నది ఒక్క పదం. ఇంగ్లిష్‌లో అదే భావానికి చిన్న చిన్న పదాలు అనేకం కావాలి. పైగా ఇది చేతితో కట్టిన లెక్క. ఇంగ్లిష్ అచ్చులను వెతికి అక్షరాలను లెక్కించే ప్రోగ్రాముకు మన గుణింతమే తెలియదు. అది చూపే అంకెను పట్టుకుని ఒక విద్యార్థిని ఫెయిల్ చేయడం కంటే అన్యాయం ఏముంటుంది? సక్రమంగా లెక్కించినా, ఆ సూత్రం పొడవును కొలుస్తుందే తప్ప అర్థాన్నీ వాదనలోని బలాన్నీ కొలవలేదు.

పొడవైన వాక్యాలను బాగా పట్టుకుంటాయన్న ఆ సందేశంలోని చివరి మాటతో మాత్రం నేను ఏకీభవిస్తాను. వాక్యం పొడవును లెక్కించడానికి పదాలూ పూర్తి విరామాలూ చాలు కాబట్టి, "డా." వంటి పొట్టి రూపాల దగ్గర తడబడినా, ఆ లెక్క తెలుగులోనూ చాలావరకు నిలుస్తుంది, "చేయబడినందున", "పరిగణించబడుచున్నందున" అంటూ సాగే ప్రాజెక్టు రిపోర్టులకు అది నిజంగా మేలు చేస్తుంది. విద్యార్థులు తమ చిత్తుప్రతులను సరిదిద్దుకోవడానికి దాన్ని వాడుకోనివ్వండి. ఇప్పటికే ఆ స్కోరు చూసి ఇంటర్నల్ మార్కులు వేసినవారు ఉంటే, దయచేసి ఆ పత్రాలను మళ్ళీ తీసి, ఈసారి మీరే చదవండి.