సౌండు రాని డ్రాగ్

లెక్కల మాస్టారికి ఫిషింగ్ రీలు అమ్మకూడదు. అమ్మినవాడికి పోయేదేం లేదు, డబ్బులొస్తాయి. కష్టమంతా ఆయన ఇంట్లోవాళ్లది. ఇంకా కర్మ కాలితే బావమరిదిది.

మా బావగారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. పొద్దున్నే నాగావళి ఒడ్డున వాకింగ్, ఆదివారం అరసవల్లి, మిగతా టైమంతా మా అక్క వంటకి సలహాలు. కందిపప్పుకీ నీళ్లకీ నిష్పత్తి ఎంతుండాలో ఆయన చెప్పడం మొదలెట్టాక అక్క తట్టుకోలేక బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "మీ నాన్నకి ఏదో ఒక వ్యాపకం చూడరా, పుణ్యముంటుంది" అంది. వాడు ఎనిమిదడుగుల గాలం కర్ర ఒకటి కొరియర్‌లో పంపాడు. రెండు ముక్కలు, జిప్పు సంచి, చూడ్డానికి దర్జాగా ఉంది. కర్రకి బిగించి దారం చుట్టుకునే రీలు మాత్రం నాన్నే చూసి కొనుక్కుంటే బాగుంటుందన్నాడు.

మామూలు మనిషికి రీలు ఎంచుకోవడం అరగంట పని. ఎక్కడ విసురుతాం, ఏ చేప కోసం, ఎంత లావు దారంతో, అంతే కదా. చెరువు గట్టున చిన్న చేపలకైతే 1000, 2000 సైజులు. మడ్డువలస, తోటపల్లి లాంటి జలాశయాలకి 2500, 3000. సముద్రం ఒడ్డున నిలబడి విసరాలంటే 4000 నుంచి 6000. అక్కడితో అయిపోవాలి. బావగారికి అక్కడే మొదలైంది.

"4000 ఏంట్రా? గ్రాములా? మిల్లీమీటర్లా? యూనిట్ రాయకపోతే నేను పిల్లలకి అరమార్కు కోసేవాణ్ణి."

అవి కొలతలు కావని, సైజు తెలియడానికి కంపెనీలు పెట్టుకున్న నంబర్లని, ఒకరి 4000 ఇంకొకరి 4000తో సరిగ్గా సరిపోకపోవచ్చని చెప్పాను. అలాంటి అంకెని నమ్మి డబ్బులు ఎలా పెడతామన్నారు. ధర కూడా దాదాపు అంతే ఉంది కాబట్టి రూపాయలు అనుకోమన్నాను. ఆయన నవ్వలేదు.

తర్వాత బేరింగులు. ఒకదానికి 5+1, ఇంకోదానికి 12+1. ఆరు కంటే పదమూడు ఎక్కువ కాబట్టి రెండోదే గొప్పదని పక్కింటాయన తీర్పు చెప్పాడు. ఆయనది ఇత్తడి సామాన్ల షాపు, అంకె ఎక్కువైతే ధర ఎక్కువని ఆయన జీవితానుభవం. నిజానికి నాసిరకం బేరింగులు డజను ఉన్నా మంచివి నాలుగైదింటి ముందు దండగే. ఉప్పునీళ్లు తగిలి తుప్పు పట్టడానికి పదమూడు చోట్లు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గేర్‌బాక్సులా కనిపించే బెయిట్‌కాస్టర్ అనే ఇంకో రకం రీలు మీద కూడా బావగారికి మనసైంది కానీ, అందులో విసిరేటప్పుడు దారం చుట్టిన స్పూలే గిర్రున తిరుగుతుందని, బొటనవేలితో సమయానికి ఆపకపోతే దారం పిచ్చుక గూడు అయిపోతుందని కొడుకు ఫోన్లో భయపెట్టాడు. బతికిపోయాం.

చివరికి ఆయన్ని పడగొట్టింది పెట్టె మీదున్న ఒక్క ముక్క. గేరు నిష్పత్తి 5.2:1.

హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే, దారాన్ని స్పూల్‌కి చుట్టే రోటర్ 5.2 చుట్లు తిరుగుతుందని దానర్థం. బావగారు క్యాలెండర్‌లో పాత నెల కాగితం చింపి, వెనక వైపు లెక్క కట్టారు. దారం నిండిన స్పూల్ వ్యాసం 4.5 సెంటీమీటర్లు. చుట్టుకొలత 14.13. దాన్ని 5.2తో గుణిస్తే ఒక్క తిప్పుకి 73 సెంటీమీటర్ల చిల్లర దారం లోపలికొస్తుంది. వంద మీటర్ల అవతల చేప పడితే సుమారు 136 సార్లు తిప్పాలి. "కాదు కాదు, దారం బయటికి పోయేకొద్దీ వ్యాసం తగ్గుతుంది, సగటు తియ్యాలి" అని ఇంకో నెల చింపారు. అది జరుగుతున్న నెల. గ్యాస్ బండ బుక్ చేసిన తేదీ, పాలవాడి లెక్క దాని మీదే ఉన్నాయి. ఆ రోజు అక్క మాట్లాడిన మాటలు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

రీలు వచ్చింది, 4000 సైజు. దాంతోపాటు 30 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ దారం, 300 మీటర్ల చుట్ట. బ్రెయిడ్ అంటే అల్లిన సన్న దారం. సాగదు, చేప ముట్టగానే చేతికి తెలుస్తుంది. కానీ నున్నగా ఉంటుంది. ఖాళీ స్పూల్ లోహం మీద నేరుగా చుడితే పట్టు దొరకదు. అందుకే ముందు కొన్ని మీటర్లు మామూలు నైలాన్ దారం చుట్టి, దాని చివర బ్రెయిడ్ ముడేసి, అప్పుడు చుట్టాలి. పెట్టెలో వచ్చిన కాగితంలో ఇది చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది. నేను భూతద్దం పెట్టి చదివి వినిపించాను.

"అది రెండో చుట్ట అమ్ముకోవడానికి షాపువాళ్లు పెట్టిన కిటుకు. 300 మీటర్ల దారం ఉండగా ఇంకో దారం ఎందుకురా?" అన్నారు బావగారు. లెక్క ప్రకారం ఆయనే రైటు.

చుట్టే కార్యక్రమం హాల్లో, అక్క సీరియల్ టైములో. స్పిన్నింగ్ రీలులో స్పూల్ తిరగదు. దాని చుట్టూ రోటర్ తిరుగుతూ, బెయిల్ అనే ఆ వంకర తీగతో దారాన్ని తెచ్చి చుడుతుంది. కాబట్టి ముందు బెయిల్ ఎత్తి, స్పూల్‌కి ముడేసి, తర్వాత బెయిల్ దించాలి. బావగారు బెయిల్ దించే ముడేశారు. హ్యాండిల్ తిప్పడం మొదలెట్టారు. రోటర్ అద్భుతంగా తిరిగింది. దారం మాత్రం ఎక్కడిదక్కడే. ఆయన పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెడుతున్నారు కాబట్టి మధ్యలో పలకరించే ధైర్యం ఎవరికీ లేదు. 136 పూర్తయ్యాక తలెత్తి, "వంద మీటర్లు అయింది" అన్నారు. స్పూల్ మీద ముడి ఒక్కటే ఉంది.

రెండోసారి బెయిల్ సరిగ్గానే ఎత్తారు. దారం చుట్టని పెన్సిల్‌కి గుచ్చి అక్క చేతికిచ్చి, తడిగుడ్డతో దారాన్ని బిగించి పట్టుకోమన్నారు. వదులుగా చుడితే విసిరేటప్పుడు చిక్కులు పడతాయి కాబట్టి ఆ బిగువు అవసరమే. కానీ సీరియల్లో అత్తగారు కోడలి మీద చెయ్యెత్తినప్పుడల్లా అక్క చెయ్యి గట్టిగా బిగిసేది, ప్రకటనలు రాగానే వదులైపోయేది. మీకు అనుమానముంటే ఆ రోజు చుట్టిన దారం వరసలు చూసి, ఏ వరస దగ్గర ప్రకటనలు వచ్చాయో నేను చెప్పగలను.

స్పూల్ అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నప్పుడు ఆపెయ్యాలి. ఆపమన్నాను. "డబ్బులు పోసి కొన్న దారం బయట పెట్టుకుని ఏం చేస్తాం?" అని అంచు దాటి బొజ్జ వచ్చేదాకా చుట్టారు.

ఇక మిగిలింది డ్రాగ్. చేప గట్టిగా లాగితే దారం తెగకుండా స్పూల్ కొంచెం జారి దారం వదలాలి. ఎంత బలానికి జారాలో ముందున్న మరతో బిగించుకోవాలి. దారం బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకూ పెట్టుకోవడం మామూలు. 30 పౌండ్లంటే 13.6 కేజీలు, నాలుగో వంతు 3.4 కేజీలు. ఇది కొలవడానికి కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా కావాలి. సరిగ్గా అప్పుడే వీధిలో "పాత పేపర్లు, ఇనప సామాన్లేయ్" అని వినబడింది.

పాత పేపర్లవాడు సంబరంగా కాటా పట్టుకుని లోపలికొచ్చాడు. బావగారు దారం చివర కాటా కొక్కేనికి ముడేసి, కర్ర పట్టుకుని వరండాలో నిలబడి, "లాగు" అన్నారు.

"పేపర్లేవి బాబూ?"

"ముందు లాగవయ్యా."

వాడు లాగాడు. రెండు కేజీలు చూపించేసరికి దారం మెత్తగా వచ్చేసింది. బావగారు మర బిగించారు. మళ్లీ రెండే. ఇంకా బిగించారు. మళ్లీ రెండే. వాడు గేటు దాకా, గేటు నుంచి పక్కింటి దాకా వెనక్కి నడుస్తూ లాగుతూనే ఉన్నాడు. చివరికి మర ఇంక తిరగనంది. మూడు దాటలేదు కానీ, మూడూ 3.4కి దగ్గరే కదా అని బావగారు తృప్తి పడ్డారు.

వాడు మాత్రం తల గోక్కున్నాడు. "మా తమ్ముడికీ ఉన్నాది బాబూ ఇలాంటిది. లాగితే కిర్రుమంటాది. దీనికి సౌండు నేదేటి?"

"అది చవకరకం అయ్యుంటుంది. ఖరీదైనదానికి సౌండు రాదు" అన్నారు బావగారు. వాడికి టీ దక్కింది కానీ పేపర్లు దక్కలేదు.

కళింగపట్నం వెళ్లాం. వంశధార సముద్రంలో కలిసే చోటు, లైట్‌హౌస్, ఇసుక, అన్నీ బాగున్నాయి, ఒక్క జనం తప్ప. అది వేట నిషేధం సమయం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు, ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. ఊరంతా ఒడ్డునే ఉంది, వలలు బాగుచేసుకుంటూ, పడవలకి మాట్లు వేసుకుంటూ. అంతమంది నిపుణుల ముందు ఒక లెక్కల మాస్టారు ఎనిమిదడుగుల కర్ర బిగించాడు. పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

రొయ్య గుచ్చి, సీసం గుండు కట్టి, బావగారు బలంగా విసిరారు. పొట్ట నిండిన స్పూల్ నుంచి దారం మెలికలు మెలికలుగా ఒక్కసారే ఊడి మొదటి రింగు దగ్గర ముద్దకట్టింది. గుండు తెగిపోయి, రొయ్యతో సహా, చాలా దూరం వెళ్లింది. ఇప్పటిదాకా ఆ ఒడ్డున అంత దూరం విసిరినవాడు లేడని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు. దారం లేదన్న మాట ఆయన పట్టించుకోలేదు.

చిక్కుపడ్డ దారమంతా కోసేశాం. దాంతో స్పూల్ మీద ఉండాల్సినంతే మిగిలింది. రెండోసారి గుండు చక్కగా వెళ్లి పడింది. కాసేపటికి కర్ర కొస వంగింది.

"పడిందిరోయ్!" అని పిల్లలు అరిచారు. బావగారు హ్యాండిల్ తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు. చేప మాత్రం వంశధార మీదుగా ఒడిశాకి ప్రయాణం పెట్టుకున్నట్టు వెళ్లిపోతోంది. మర బిగించారు, అది ఎప్పుడో బిగిసిపోయి ఉంది. "136 దాటిందిరా, ఇంకా రాదేం?" అని నన్ను అడిగారు, లెక్క నేనే తప్పు చేసినట్టు.

గుంపులోంచి ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. ఉద్దానం వైపు వాడు, అత్తారింటికి వచ్చాడట. మస్కట్‌లో వెల్డింగ్ పని, సెలవు రోజున అక్కడి ఒడ్డున గాలమే కాలక్షేపం. రీలు మీదకి వంగి ఒక్క క్షణం చూసి, స్పూల్ అంచు మీద వేలు పెట్టాడు.

"మాస్టారూ, స్పూల్ తిరగట్నేదు. దీని మీద దారం ముద్ద తిరుగుతంది."

నిజమే. స్పూల్ రాయిలా ఉంది. దాని మీద చుట్టిన దారం మొత్తం ఒక ఉంగరమై, మెత్తగా, చప్పుడు లేకుండా గుండ్రంగా జారుతోంది. ఆయన ఎంత చుడితే అంతా చేప తీసుకుపోతోంది. ఇంటి దగ్గర కాటా చూపించింది డ్రాగ్ కాదు, ఈ జారుడే.

బ్రెయిడ్ చేతిని కోసేస్తుంది కాబట్టి ఆ కుర్రాడు తువ్వాలు చుట్టుకుని దారం పట్టి లాగాడు. వచ్చింది జెల్ల. కేజీ కూడా లేదు. మీద ముల్లు గుచ్చుకుంటే జ్వరమొస్తుందని వాడే పట్టకారుతో విరిచి బావగారి చేతిలో పెట్టాడు.

అసలు వేడుక ఆ తర్వాత జరిగింది. దారమంతా విప్పాలి. కొస పట్టుకుని ఒక పిల్లాడు లైట్‌హౌస్ వైపు పరుగెత్తాడు, వాడి వెనకాల ఇంకో పదిమంది. మధ్యలో ఫొటోలు తీసుకుంటున్న కొత్త దంపతులు దారానికి ఇవతల ఒకరు, అవతల ఒకరు అయిపోయారు. మేకల మంద వస్తే అందరూ దారం ఎత్తి పట్టుకుని దారిచ్చారు. పడవ ఇంజనుకి వాడే నల్ల టేపు ఎవరో తెచ్చిచ్చారు. ఖాళీ స్పూల్‌కి ఆ టేపు ఒక్క చుట్టు వేసి, దాని మీద ముడేసి, పిల్లలు అవతల బిగించి పట్టుకుంటే ఇవతల చుట్టాడు మస్కట్ కుర్రాడు. అంచుకి రెండు మిల్లీమీటర్లు ఉండగా ఆపాడు. నైలాన్ దారమైనా సరే, టేపైనా సరే, అడుగున పట్టు ఉండాలంతే అన్నాడు. "కాగితంలో కూడా రాశాడ్రా ఆ ముక్క" అని బావగారు నాతో అన్నారు, అప్పుడే కనిపెట్టినట్టు. అప్పటికి చీకటి పడింది. జెల్ల పులుసు బాగానే కుదిరింది, అందులో ఎవరి సలహా లేదు కాబట్టి.

మళ్లీ పాత పేపర్లవాడు వీధిలోకి రావడం పాపం, బావగారు గేటు తీసి సిద్ధంగా ఉన్నారు. వాడు ఈసారి అడక్కుండానే కాటా కొక్కెం అందించాడు. లాగాడు. సరిగ్గా మూడున్నర దగ్గర స్పూల్ కదిలి, వీధి చివరిదాకా వినబడేలా కిర్ర్ర్ర్‌మని మోగింది. బావగారు ఛాతీ విరుచుకుని నావైపు చూశారు.

పేపర్లవాడి ముఖం మాత్రం వాడిపోయింది.

"అయ్యో, సౌండొచ్చేస్తంది బాబూ. అప్పుడే పాడైపోయిందేటి? పోన్లెండి, ఇనప సామాన్లలో ఏసేస్తారా?"