గింజకు గడువివ్వండి

పాడైన అడవులను, గడ్డి మైదానాలను, చిత్తడి నేలలను మళ్లీ నిలబెడతామని దేశాలు పోటీలు పడి మాట ఇస్తున్నాయి. 2021 నుంచి 2030 వరకు పర్యావరణ వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. 2011లో మొదలైన బాన్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ కార్యక్రమం 2030కల్లా 35 కోట్ల హెక్టార్ల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో కుదిరిన జీవవైవిధ్య ఒప్పందం ప్రకారం దెబ్బతిన్న ప్రాంతాల్లో కనీసం 30 శాతంలో అదే గడువులోగా పునరుద్ధరణ జరుగుతూ ఉండాలి. అంకెలు ఘనంగానే ఉన్నాయి. ఇంత నేలకు సరిపడా స్థానిక జాతుల విత్తనం ఎవరి దగ్గర ఉంది, దాన్ని ఎవరు సిద్ధం చేస్తున్నారు అన్నది మాత్రం టెండర్ పిలిచే రోజుదాకా ఎవరికీ గుర్తు రావడం లేదు.

గుర్తొచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అడవి చెట్టు మనం అడిగిన నెలలో కాయదు. ఒక ఏడు విరగకాసి, ఆపై రెండు మూడేళ్లు మొహం చాటేసే జాతులు ఎన్నో. కాసిన ఏడాదైనా, కాయ ముదిరి పగిలి గింజ చెదిరిపోయేలోపు దొరికే వ్యవధి కొన్నిటికి వారం పది రోజులే. ముందు వెళితే పచ్చి గింజలు, ఆలస్యమైతే ఉత్త డొప్పలు. ఆ వారం కోసం ఏడాదంతా చెట్ల మీద కన్నేసి ఉంచేది విత్తన నర్సరీ నడిపేవాళ్లు. పథకం గట్టెక్కుతుందా లేదా అన్నది సగం వాళ్ల దగ్గరే తేలిపోతుంది. బడ్జెట్ పద్దుల్లో మాత్రం నర్సరీ అంటే కవర్లలో మొక్కలు సప్లయి చేసే కాంట్రాక్టు పని, అంతే. ఈ చూపు మారాలన్నది మా వాదన.

గింజలు ఏరుకొచ్చి మట్టిలో పెట్టడమే కదా అనుకునేవాళ్లు విత్తనం శుభ్రం చేసే బల్ల దగ్గర ఒక పూట నిలబడితే చాలు. బస్తాడు గడ్డి కంకులు నలిచి, జల్లెడ పట్టి, తూర్పారబడితే మిగిలేది కొన్ని గుప్పెళ్లు. అందులోనూ పైకి నిండుగా కనిపించే గింజను బ్లేడుతో నిలువునా కోస్తే లోపల ఏమీ ఉండకపోవచ్చు, పురుగు కూర్చుని ఉండొచ్చు. అందుకే ప్రతి లాట్‌లోంచి కొన్ని గింజలు తీసి కోసి చూస్తారు. పప్పు గట్టిగా, తాజాగా ఉంటేనే ఆ లాట్ ముందుకు వెళ్తుంది. తూకం చూసి విత్తనం కొనే అధికారులకు ఈ బల్ల గురించి తెలియాలి. సగం తాలు ఉన్న కిలో నిజానికి అరకిలోయే. ధర కట్టాల్సింది శుభ్రతకు, మొలక శాతానికి.

నిల్వ సంగతీ అంతే. ఎండి ఏళ్ల తరబడి నిలిచే గింజలకు ఒక మోటు లెక్క ఉంది. లోపలి తేమ ఒక శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గినా గింజ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. బ్రిటన్‌లోని క్యూ ఉద్యానవనం వాళ్లు సస్సెక్స్‌లో 2000లో తెరిచిన మిలీనియం సీడ్ బ్యాంక్‌లో గింజలను 15 డిగ్రీల దగ్గర, 15 శాతం గాలితేమలో ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల్లో దాస్తారు. ఇదే వైద్యం సాల, ఓక్, మడ చెట్ల గింజలకు చేస్తే చచ్చి ఊరుకుంటాయి. అవి రాలిన తడి ఆరకముందే మట్టిలో పడాలి. అలాంటి జాతుల్ని ‘స్టాకు’ చూపించమని అడిగే ఫారం ఎవరు తయారు చేశారో గానీ, వాళ్లు విత్తనం ముఖం చూసి ఉండరు.

నిద్రపోతున్న గింజను లేపడం మరో విద్య. గట్టి పెంకు ఉన్న చిక్కుడు కుటుంబపు గింజలను గీయాలి, లేదా వేడినీళ్లలో వేయాలి. చలిదేశపు జాతులు చాలావాటికి తడి ఇసుకలో వారాల తరబడి చల్లదనం చూపిస్తే తప్ప కదలిక రాదు. మంటలకు అలవాటుపడిన ఆస్ట్రేలియా పొదలు కొన్నిటికి పొగ తగలాలి. ఆ పొగలో పనిచేసే రసాయనం ఏదో పెర్త్ శాస్త్రవేత్తలు 2004లో పట్టుకున్నారు.

లేచాక అన్నీ కలిసి లేవవు. అసలు చిక్కు ఇదే. ఒకే చెట్టు గింజల్ని ఒకే ట్రేలో వేసినా కొన్ని పదో రోజుకు తల ఎత్తుతాయి, కొన్ని నెల దాటాక, మరికొన్ని మరుసటి ఏడాది. పనివాళ్లు తొలి మొలకల్ని కవర్లలోకి మార్చి, ఖాళీగా కనిపిస్తున్న ట్రే బోర్లించి కొత్త లాట్ వేసేస్తారు. చోటు లేదు, డేటు దగ్గరపడింది, వాళ్ల టెన్షన్ వాళ్లది. బయటికి పోయిన ఆ మట్టిలో మొలవని గింజలు ఉన్నాయి. కరువు ఏడాదిలో ఆ జాతిని బతికించేది వాటి బద్ధకమే. తొలివానను నమ్మి గింజలన్నీ ఒకేసారి మొలిస్తే, ఆ తర్వాత వాన మొహం చాటేసినప్పుడు అన్నీ కలిసి మాడిపోతాయి. విత్తనం పెంచే మళ్లలో నాలుగు తరాలు ఇలా తొందరపాటు మొక్కల్నే ఏరుకుంటూ పోతే అడవి మొక్క కాస్తా పంట మొక్క అవుతుంది. అందుకే మళ్లలో పెంచే తరాలకు హద్దు ఉండాలి, అడవి నుంచి తాజా విత్తనం వచ్చి కలుస్తుండాలి. ‘మొక్కలన్నీ ఒకే ఎత్తులో ఉండవలెను’ అనే షరతు తోట పనికి సరే, పునరుద్ధరణ టెండర్లలోంచి మాత్రం కొట్టేయాలి.

సేకరణకూ లెక్క ఉంది. అమెరికాలో 2001 నుంచి నడుస్తున్న సీడ్స్ ఆఫ్ సక్సెస్ కార్యక్రమం కనీసం 50 మొక్కల నుంచి గింజ తీయమంటుంది, ఆ రోజు అక్కడ పండిన గింజలో 20 శాతానికి మించి తీయొద్దంటుంది. మొదటిది వైవిధ్యం కోసం, రెండోది అక్కడి పక్షులు, చీమలు, రేపటి మొలకల కోసం. ఒకే పెద్ద చెట్టు కింద బస్తా నింపుకొచ్చే కాంట్రాక్టరుకు ఈ రెండూ నచ్చవు. ఎక్కడ, ఏ ఎత్తులో, ఏ నేలలో, ఎన్ని మొక్కల నుంచి, ఏ తేదీన తీశారో రాసిన చీటీ గింజ వెంటే ఉండాలి. చీటీ పోయిన గింజ ఎంత నాణ్యమైనదైనా పునరుద్ధరణకు పనికిరాదు. ఇక స్థానికం అంటే ఎంత దూరం అన్న వాదన తెగేది కాదు. వాతావరణం వేడెక్కుతోంది కాబట్టి వేడి ప్రాంతపు విత్తనం కొంత కలపాలనేవాళ్లున్నారు. కలపొచ్చు, చీటీలు సరిగా ఉన్నచోట.

రోగాల మాటా చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో స్థానిక మొక్కల నర్సరీలో ఫైటాఫ్తొరా టెంటాక్యులాటా అనే వేరుకుళ్లు సూక్ష్మజీవి 2012లో బయటపడింది. తర్వాత చూస్తే పునరుద్ధరణ కోసం మొక్కలు నాటిన చోట్లకూ చేరింది. అడవిని బాగుచేయడానికి వెళ్తూ రోగాన్ని తీసుకెళ్లడం, పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకనపెట్టుకెళ్లడమే. వాడిన కుండీలు కడగకుండా తిప్పడం, కవర్లు నేల మీదే పేర్చడం వంటి చిన్న నిర్లక్ష్యాలు చాలు దీనికి. మొక్కలు బయటికి వెళ్లేముందు వేరు పరీక్షకు డబ్బు కేటాయించని పథకాన్ని మంజూరు చేయకూడదు.

ఇదంతా జరగాలంటే కావాల్సింది ముందస్తు ఆర్డర్. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో కార్చిచ్చులు చెలరేగిన ఏడాది ప్రభుత్వం విత్తనం కోసం ఎగబడుతుంది, మంటలు తగ్గిన ఏడాది అడిగేవాడుండడు. అలాంటి గిరాకీని నమ్మి ఏ రైతు మడి వేస్తాడు? స్థానిక విత్తనాల కొరతే పునరుద్ధరణకు పెద్ద అడ్డంకి అని, కొనుగోళ్లలో నిలకడ రావాలని అక్కడి జాతీయ శాస్త్ర అకాడమీలు 2023 నివేదికలో తేల్చిచెప్పాయి. బ్రెజిల్‌లో 2007లో మొదలైన షింగూ విత్తనాల నెట్‌వర్క్ ఈ చిక్కును తనదైన తీరులో విప్పుకుంది. ఆదివాసీలు, చిన్న రైతులు, పట్టణవాసులు తాము ఏ గింజ ఎంత తేగలరో ముందే చెబుతారు. దాన్నిబట్టి ఆర్డర్లు పంచుతారు. వాళ్లలో ఎక్కువమంది మహిళలే. వచ్చిన గింజల్లో చాలా భాగాన్ని ఇసుకతో, పచ్చిరొట్ట విత్తనాలతో కలిపి నేరుగా పొలంలో చల్లుతారు, నర్సరీ కవర్ల ఖర్చే లేదు. అన్ని జాతులకూ ఇది కుదరదు. కుదిరేవాటికైనా ఎందుకు ప్రయత్నించరన్నది మా ప్రశ్న.

నాటడానికి రెండు మూడేళ్ల ముందే విత్తనానికి ఒప్పందం కుదరాలి. కాపు లేని ఏడాది నష్టం నర్సరీ నెత్తిన రుద్దకూడదు. చివరి వాయిదా సొమ్ము నాటిన రోజు లెక్కకు కాకుండా మూడో ఏడాది బతికున్న మొక్కల లెక్కకు ముడిపెట్టాలి. సరైన విత్తనం దొరకకపోతే పనిని ఏడాది వాయిదా వేసే అధికారం క్షేత్ర అధికారికి ఉండాలి. ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు ఒకటుంది: ఈ ఏడాదే ఖర్చు చేయకపోతే నిధులు మురిగిపోతాయి. నిజమే, మురిగిపోతాయి, ఆ భయంతోనే ఎక్కడిదో తెలియని మొక్క కొని నాటేస్తున్నారు. కాబట్టి విత్తనానికి కేటాయించిన సొమ్మును వచ్చే ఏడాదికి కొనసాగించేలా నిబంధన మార్చాల్సింది ఆర్థిక శాఖలు. అడవుల శాఖలు ఎన్ని నర్సరీలు పెట్టినా ఆ ఫైలు కదలకుండా ఈ పని కదలదు.