వినతిపత్రం గారికి ఒక వినతి

మహారాజశ్రీ వినతిపత్రం గారి దివ్య సముఖమునకు,

విన్నవించుకొనునది ఏమనగా... ఈ మాట మీకు కొత్త కాదు. శతాబ్దాలుగా ఎవరెవరి పాదాల దగ్గరో మీరు పలుకుతూ వచ్చిందే. ఒక్కసారి మీరు అవతలి కుర్చీలో కూర్చుని వినతి పుచ్చుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని ఈ లేఖ మీకే రాస్తున్నాను. చదవకుండా పక్కన పెట్టదలిస్తే పెట్టండి. ఆ పద్ధతి మీకంటే బాగా ఎవరికి తెలుసు!

ముందు మీ వైభవం చెప్పుకోవాలి. మిమ్మల్ని సమర్పించే ఘట్టం చూసి తీరవలసిందే. ఉన్నది ఒక్క కాగితం, పట్టుకునేది ఏడుగురు. అంచు దొరకనివాడు దొరికినవాడి మోచెయ్యి పట్టుకుంటాడు. పుచ్చుకునే అధికారి రెండు వేళ్లతో మీ మూల అందుకుని కెమెరా వైపు చూస్తాడు. ఇచ్చేవాళ్లూ అటే చూస్తారు. ఆ గదిలో మీ వైపు చూసే కన్ను ఒక్కటీ ఉండదు. ఫొటో సరిగ్గా రాలేదంటే మిమ్మల్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. ఫొటో కుదిరాక అధికారి అటు తిరగకుండానే చెయ్యి పక్కకు చాపుతాడు. అక్కడ సిద్ధంగా ఉన్న ఇంకో చెయ్యి మిమ్మల్ని అందుకుని దొంతరలో పడేస్తుంది. ముద్ర పడుతుంది, నంబరు పడుతుంది. ఇచ్చినవాళ్లు పని అయిందనుకుని ఇంటికి వెళతారు. పుచ్చుకున్నవాళ్లు కూడా పని అయిందనే అనుకుంటారు.

ఇంతకాలం ఇంత అవమానం ఎలా భరిస్తున్నారో తెలుసుకుందామని మీ వంశచరిత్ర తిరగేశాను. ఇంగ్లండులో కార్మికుల ఓటు హక్కు కోసం ఉద్యమించిన చార్టిస్టులు 1839లో సుమారు 12 లక్షల 80 వేల సంతకాలతో మిమ్మల్ని పార్లమెంటుకు పంపారు. వయోజన పురుషులందరికీ ఓటు, రహస్య ఓటింగు, సభ్యులకు జీతం వంటి ఆరు కోరికలు. సభ కాదంది. 1842లో 33 లక్షల సంతకాలతో, ఆరు మైళ్లకు పైగా పొడవు పెరిగి మళ్లీ వెళ్లారు. తలుపులో పట్టకపోతే విడదీసి లోపలికి మోశారు. సభ మళ్లీ కాదంది. 1848లో మూడోసారి వెళ్లినప్పుడు 57 లక్షల సంతకాలన్నారు నిర్వాహకులు. గుమాస్తాలు కూర్చుని లెక్కపెట్టి సుమారు 19 లక్షల 75 వేలు అని తేల్చారు. అందులో విక్టోరియా మహారాణి సంతకం కూడా ఉంది! తన ప్రభుత్వానికి తానే అర్జీ పెట్టుకునేంత కష్టం ఆవిడకు ఏమొచ్చిందో పాపం. ఆ గిలుకుడు సంతకాలు చూసి సభ పగలబడి నవ్వింది. మిగిలిన లక్షల మంది కష్టజీవుల సంతకాలు ఆ నవ్వులో కొట్టుకుపోయాయి. ఎనభై ఏళ్లు తిరిగేలోగా ఆ ఆరింటిలో అయిదు కోరికలు చట్టాలయ్యాయి. ఏటేటా పార్లమెంటు ఎన్నికలు అన్నది ఒక్కటే మిగిలిపోయింది. మీకు కృతజ్ఞతలు చెప్పినట్టు మాత్రం ఎక్కడా కనబడదు.

1905 జనవరిలో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ కార్మికులు జారు చక్రవర్తి పటాలు మోసుకుంటూ, ఆయన్ను దీవించే పాటలు పాడుకుంటూ మిమ్మల్ని రాజభవనానికి తీసుకెళ్లారు. చక్రవర్తి ఇంట్లో లేడు. తుపాకులున్నాయి. అక్కడ మీకు ముద్ర కూడా పడలేదు. అదే ఏడాది అక్టోబరులో రైళ్లు ఆగాయి, మిల్లులు ఆగాయి, దేశమంతా సమ్మె కట్టింది. అప్పుడు చక్రవర్తికి ఉన్నట్టుండి ప్రజల ఘోష వినబడింది, చట్టసభ ఇస్తానన్నాడు. ఇచ్చాడు కూడా. మొదటి సభను మూడు నెలలైనా నిండకుండానే రద్దు చేశాడనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు మీరు ఆధునికులయ్యారు. కాగితం వదిలి కంప్యూటర్‌లో చేరారు. బ్రిటన్ పార్లమెంటు మీకు చక్కని ధరల పట్టిక కూడా పెట్టింది: 10 వేల సంతకాలకు ప్రభుత్వం జవాబిస్తుంది, లక్షకు చర్చ పెట్టే సంగతి ఆలోచిస్తారు. యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లిపోవద్దంటూ 2019లో 60 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ ఆలోచన లేదని ప్రభుత్వం జవాబిచ్చింది. చర్చ కూడా జరిగింది, సరిగ్గా ఏప్రిల్ 1న. తేదీ ఎవరు ఎంపిక చేశారో గాని, హాస్యం తెలిసినవాళ్లే.

మీ తోబుట్టువు ఊరేగింపు గారి సంగతీ అంతంతమాత్రమే. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ ప్రపంచమంతటా వందలాది నగరాల్లో లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ఆ యుద్ధం చేసిన అమెరికా అధ్యక్షుడు బుష్ 2004లో, బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ 2005లో మళ్లీ గెలిచారు. ఆదివారం మధ్యాహ్నానికల్లా అందరూ ఇళ్లకు చేరతారని తెలిసిన గుంపును చూసి ఏ ప్రభుత్వం వణుకుతుంది?

ఇక్కడిదాకా రాసి, మిమ్మల్ని ఉద్యోగ విరమణ చేయమని కోరుతూ ముగిద్దామనుకున్నాను. కాని ఒక్క సంగతి కలం ఆపేసింది. మీరు అంత నిరపాయకరమైన కాగితమే అయితే, 1836లో అమెరికా ప్రతినిధుల సభ మీ నోరు ఎందుకు నొక్కింది? బానిసత్వానికి వ్యతిరేకంగా వచ్చే వినతులన్నీ చదవకుండా, చర్చించకుండా పక్కన పడేయాలని ఏకంగా నిబంధన పెట్టుకున్నారు. చెత్తబుట్టకు చట్టం ఎందుకండీ? అధ్యక్షపదవి దిగి సాధారణ సభ్యుడిగా తిరిగొచ్చిన జాన్ క్విన్సీ ఆడమ్స్ ఏళ్ల తరబడి మిమ్మల్ని పట్టుకుని ఆ సభను వేధించాడు. ఒకరోజు, బానిసలే రాసినట్టున్న వినతి ఒకటి తన దగ్గరుందనీ, దాన్ని ఏం చేయమంటారనీ అమాయకంగా అడిగాడు. సభ అట్టుడికిపోయింది. 1844లో ఆ నిబంధన రద్దయింది. నోరు నొక్కిన ఆ ఎనిమిదేళ్లూ ఊరూరా మహిళలు తలుపు తట్టి సంతకాలు అడుగుతూనే ఉన్నారు. తలుపు తీసినవాళ్లతో మాట్లాడవలసి వచ్చింది, వాదించవలసి వచ్చింది. పుచ్చుకున్నవాళ్లు చదవకపోతేనేం, మోసినవాళ్లు మాత్రం మారిపోయారు.

మీ జాతకంలో నాకు బాగా నచ్చిన ఘట్టం న్యూజీలాండ్‌ది. 1893లో ఓటు హక్కు కోరుతూ సుమారు 32 వేల మంది మహిళలు సంతకాలు చేశారు. కాగితాలు ఒకదానికొకటి అతికించి చుట్ట చుట్టారు. సభ్యుడు సర్ జాన్ హాల్ దాన్ని సభ మధ్యలో దొర్లిస్తే అది విచ్చుకుంటూ వెళ్లి చివరికి గోడకు ఠప్పున తగిలింది. కథ అక్కడే ముగిస్తే అందంగా ఉండేది. కాని బిల్లు ఎగువసభకు వెళ్లినప్పుడు ప్రధానమంత్రి సెడన్ దాన్ని ఓడించడానికి తెరవెనక ఒక సభ్యుడి ఓటు తిప్పించాడు. అది తెలిసి, బిల్లుకు వ్యతిరేకులైన ఇద్దరు సభ్యులు మండిపడి, కేవలం ఆయన మీది కోపంతో అనుకూలంగా ఓటేశారు. 20కి 18. జాతీయ ఎన్నికల్లో మహిళలకు ఓటు ఇచ్చిన మొదటి స్వపరిపాలక దేశం ఆ విధంగా అవతరించింది. అయితే ఆ కోపం పనికొచ్చేంతవరకు బిల్లును సభలోకి తోసుకెళ్లిందెవరు? ఏటేటా పెరుగుతూ వచ్చిన మీ కాగితపు చుట్టే.

అయినా మీకు గాని, మీ తోబుట్టువులకు గాని ఘనత ఇవ్వడానికి ఏ ప్రభుత్వానికీ నోరు రాదు. భారతదేశంలో మూడు సాగు చట్టాల మీద రైతులు 2020 నవంబరు నుంచి ఏడాదిపాటు ఢిల్లీ సరిహద్దుల్లో బైఠాయించారు. పదకొండు విడతల చర్చలు తేలలేదు. ఉత్తరప్రదేశ్, పంజాబ్ ఎన్నికలు దగ్గరపడ్డాక, 2021 నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటున్నామని ప్రధాని ప్రకటించారు. తమ తపస్సులోనే ఏదో లోపం ఉండి ఉంటుందన్నారు. రైతులదే న్యాయం అనలేదు. తపస్సు భంగమయ్యేది ఎన్నికల ముందేనని పురాణాల్లో మాత్రం లేదు.

కావున తమరిని ప్రార్థించునది: ఇకమీదట దయచేసి ఒంటరిగా వెళ్లకండి. ఫొటో అయ్యాక ఇంటికి పోయేవాళ్ల చేతుల్లో అసలే వెళ్లకండి. సంతకం చేసినవాళ్ల జాబితా నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి. అసలు ప్రతి దొంతరలో చేరిన మర్నాడు దానితోనే పని మొదలవుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
వరుస సంఖ్య, పేరు, సంతకం (చేతిరాత అర్థం కాలేదని కొట్టివేయబడినది)

నకలు:
సమ్మె గారికి, తగు చర్య నిమిత్తం.
ప్రభుత్వం వారికి, సమాచారం నిమిత్తం.