బిల్లు లేని చక్రానికి విలువుండదట!

ఇవాళ కాలేజీ ప్రాజెక్ట్ రివ్యూలో మా జూనియర్ల రోబో చూసి ఒక సార్ అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా? "ఈ వీల్స్ ఏ సైట్లో ఆర్డర్ పెట్టారు?" మేమే చేసుకున్నాం సార్ అని పిల్లలు సంబరంగా చెప్తే, మొహం అదోలా పెట్టి "ఎందుకమ్మా ఇంత తంటా, కొనేస్తే రెండ్రోజుల్లో వచ్చేస్తాయి, బిల్లు కూడా ఉంటుంది" అన్నాడు. బిల్లు! అదీ ఆయన బాధ.

ఆ చక్రం ఒక్కసారి చేతిలోకి తీసుకోవచ్చుగా మహానుభావా. హైదరాబాద్ బాలానగర్‌లో లేత్ మెషిన్ (తిప్పుతూ చెక్కేది) నడిపే అన్న దగ్గర కూర్చుని నైలాన్ రాడ్ కోయించి, రబ్బరు ఊడిపోకుండా చుట్టూ గాడులు కొట్టించి, త్రీడీ ప్రింట్ మోల్డ్‌లో పెట్టి సిలికాన్ పోశారు. దాన్ని గట్టిపరిచే కేటలిస్ట్ కాస్త ఎక్కువైతే కలుపుతుండగానే గడ్డకట్టి చస్తుంది, తక్కువైతే తెల్లారినా చేతికి జిగటే, పైగా బుడగలు లాగేసే వ్యాక్యూమ్ పంపు అడిగితే ల్యాబ్‌లో తాళం ఎవరి దగ్గరుందో ఎవడికీ తెలీదు కాబట్టి బుడగలు రాకుండా సన్నటి ధారగా ఒకే మూల నుంచి ఊపిరి బిగబట్టి పోశారు పాపం.

కొనేవి ఎలా ఉంటాయో మనకి తెలీదా? ఆ పసుపు రిమ్ము చక్రాలు, తిప్పితే ఎనిమిది ఆకారంలో ఊగుతాయి, రబ్బరేమో రాయి. గీత వెంట నడిచే లైన్ ఫాలోవర్ రోబో మలుపులో జారిపోతుంటే మనోళ్లు రాత్రంతా కోడ్‌లో పీఐడీ వాల్యూలు (రోబో దారి తప్పితే ఎంత సరిచేయాలో చెప్పే అంకెలు) మారుస్తూ కూర్చుంటారు. నాయనా, తప్పు కోడ్‌లో లేదు, నేల మీద ఉంది!

మోటార్లు, బేరింగులు కొనండి, ఎవరొద్దన్నారు. రోబోని పక్కకి కూడా జరిపే మెకానమ్ చక్రాలు కూడా కొనండి, 1970ల్లో స్వీడన్ ఇంజనీర్ బెంగ్ట్ ఇలోన్ కనిపెట్టిన ఆ చక్రం చుట్టూ 45 డిగ్రీల వాలుగా ఉండే రోలర్లన్నీ చేత్తో చేయాలంటే సెమిస్టర్ అయిపోతుంది. కానీ కొన్నదేంటో తెలియాలిగా? ఒక ఫెస్ట్‌లో ఒక టీమ్ వేలు పోసి నాలుగు మెకానమ్‌లు తెచ్చి, ఎడమ రకం రెండూ ఎడమ పక్కకి, కుడి రకం రెండూ కుడి పక్కకి బిగించింది. పేరు అదే కదా మరి! పైనుంచి చూస్తే నాలుగు చక్రాల రోలర్లు కలిసి ఎక్స్ లాగా కనపడాలని ఎవడూ చెప్పలేదు. పక్కకి జరగమంటే రోబో ఉన్నచోటే గిలగిలా కొట్టుకుంటోంది, వీళ్లేమో మోటార్లని నడిపే డ్రైవర్ బోర్డు పోయిందని ఇంకోటి ఆర్డర్ పెట్టారు. ఆ టీమ్‌కే 'బెస్ట్ డిజైన్' ఇచ్చారు. మెరిసిపోతోంది కదా, ఇవ్వరా మరి.

ఇక బిల్లు పురాణం. కొంటే మూడు షాపుల కొటేషన్లు పెట్టి కాలేజీ నుంచి డబ్బులు తీసుకోవచ్చు. లేత్ అన్న చిట్టీ మీద రాసిస్తాడు, దానికి పైసా రాదు, పిల్లల జేబులోంచే. 2002లో టోక్యోలో జరిగిన మొట్టమొదటి ఏబీయూ రోబోకాన్ (ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ పిల్లల రోబో పోటీ) వియత్నాం గెలుచుకుపోయింది, వాళ్లు కూడా మూడు కొటేషన్లు పెట్టే గెలిచారంటారా? 2022లో అదే రోబోకాన్ మన ఢిల్లీలో జరిగింది, థీమ్ లగోరి, అంటే మన ఏడు పెంకులాట. ఊళ్లో పెంకులకి, గుడ్డ బంతికి బిల్లు అడిగినోడు లేడు కాబట్టి ఆ ఆట బతికింది.

అయినా మా బ్యాచ్‌లో జరిగింది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఫ్రెండు సొంతంగా చక్రాల దగ్గర్నుంచి చేసుకొస్తే "ఫినిషింగ్ లేదు" అని మార్కులు కోశారు. అమీర్‌పేటలో రిపోర్టుతో సహా ప్రాజెక్టు కొనుక్కొచ్చిన వాడికి "ఎక్సలెంట్". వైవాలో వాడు మోటార్‌ని సెన్సార్ అన్నా ఎక్సలెంటే. ఆ కొన్న ప్రాజెక్టు ఇప్పటికీ డిపార్ట్‌మెంట్ అద్దాల బీరువాలో ఉంది, ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తే చూపించడానికి. కింద షాపు స్టిక్కర్ కూడా పీకలేదు.